వరదను దాటడం ఎట్లా?





పోయిన పున్నమి నాడు మనవాళ్లంతా కూర్చున్నప్పుడు నేను చెప్పిన నాలుగు మాటలను రాసిమ్మని అడిగినారు. చెప్పేటప్పుడు రెండు మూడు చోట్ల గొంతు ఆగిపోయింది. రాసేటప్పుడు ఆ ఇబ్బంది లేదు. అందుకని ఆ పొద్దు మింగేసిన సంగతులు కూడా ఇక్కడ చెప్తాను.

సంయుత్త నికాయంలో మొట్టమొదటి సుత్తం పేరు ఓఘతరణ సుత్తం. ఓఘం అంటే వరద. తరణం అంటే దాటడం. చాలా చిన్న సుత్తం. నిదానంగా చదివినా రెండు నిమిషాలు పట్టదు. భగవానుడు శ్రావస్తి దగ్గర జేతవనంలో ఉన్నప్పుడు, ఒక రాత్రి బాగా పొద్దుపోయినాక ఒక దేవత వచ్చి, మీరు వరదను ఎట్లా దాటినారని అడుగుతుంది. ఆగిపోకుండా, పెనుగులాడకుండా దాటినానని భగవానుడు జవాబిస్తాడు. దేవతకు అర్థం కాదు, మళ్లీ అడుగుతుంది. ఆగితే మునిగిపోయేవాడిననీ, పెనుగులాడితే సుడిలో కొట్టుకుపోయేవాడిననీ, ఆ రెండూ విడిచినందుకే దాటగలిగినాననీ ఆయన వివరిస్తాడు. అంతే సుత్తం.

ఇరవై ఏండ్లుగా ఈ సుత్తం చదువుతున్నాను. ఇతరులకు చెప్తున్నాను కూడా. అది నాకు అర్థమైంది మాత్రం గండికోట నీళ్ల మీద, ఒక సాయంత్రం, మోకాళ్లు గడగడా వణుకుతుంటే ఒక పలక మీద నిలబడినప్పుడు. ఆ సంగతే ఈ పొద్దు మీ ముందు పెడుతున్నాను.

సీమలో వరద మాటేంది?

రాయలసీమలో వరద గురించి ప్రసంగం చెప్తే కొందరు నవ్వుతారు. బిందె నీళ్లకు కొట్లాడే చోట వరద యాడిదని అడుగుతారు. నిజానికి వరదంటే ఏందో మనకు తెలిసినంతగా చాలామందికి తెలియదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలు టౌన్లోకి వచ్చినప్పుడు మిద్దెల మీదికెక్కి ప్రాణాలు కాపాడుకున్నవాళ్లు మనలోనే ఉన్నారు. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు చెయ్యేరు తెల్లారేసరికి ఊర్లనే ఊడ్చుకుపోయింది. ఆ చెయ్యేటి దగ్గరే నందలూరులో పాతకాలపు బౌద్ధారామాల శిథిలాలు ఉన్నాయి. మన పూర్వీకులైన భిక్షువులు వరద గురించి మాట్లాడినప్పుడు పుస్తకంలో చదివిన వరద గురించి మాట్లాడలేదు.

ఇవి ఒక్క రాత్రిలో వచ్చి పోయే వరదలు. ఇంకొక రకం ఉంది. మెల్లగా వస్తుంది, వచ్చినాక పోదు. శ్రీశైలం నీళ్లు పోతిరెడ్డిపాడు దగ్గర కాలువలో పడి, బానకచర్ల, అవుకు మీదుగా గాలేరు-నగరి కాలువలో గండికోట రిజర్వాయరుకు వస్తాయి. పూర్తిగా నింపితే 26.85 టీఎంసీలు పడతాయి. ఆ నీళ్లను ఎత్తిపోసి చిత్రావతి రిజర్వాయరుకూ పైడిపాలెానికీ పంపుతారు. పులివెందుల చుట్టుపక్కల చీనీ తోటలు బతికినాయంటే అందులో ఈ నీళ్ల పాలు ఉంది. ఆ మేలును కాదనకూడదు. అయితే ఆ నీళ్లు నిలబడడానికి కొండాపురం మండలంలో ఊర్లకు ఊర్లు లేచిపోవాల్సి వచ్చింది. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు, సామాన్లు ట్రాక్టర్లకెత్తుకొని, వాకిట్లో వేపచెట్టును తడిమి చూసుకుంటూ జనం బయటికి వచ్చినారు. మాదీ అట్లాంటి ఊరే. పేరు చెప్పను. చెప్తే అది ఒక ఊరి కథ అయిపోతుంది. ఇది అన్ని ఊర్ల కథ.

ఇంటి లెక్క

మా నాయన కట్టిన ఇల్లు. నేనూ తమ్ముడూ ఇద్దరమే. నేను కొలువు చేసుకుంటూ వేరే ఊర్లో ఉంటిని. వాడు ఊర్లోనే ఉండి సేద్యం చేసినాడు. మా అమ్మకు కడసారి బువ్వ పెట్టింది వాడి భార్య. పరిహారం లెక్క వచ్చినప్పుడు ఇల్లు, గాడిపాడు, రెండు చింతచెట్లు, ఒక బావి, అన్నిటికీ వెలకట్టినారు. చేతికొచ్చిన డబ్బులో నా పాలు తగ్గిందని నేను లెక్క తీసినాను. నా దగ్గర కాయితాలున్నాయి. లెక్క నాదే సరైనది, ఈ రోజుకీ అదే చెప్తాను. వాడు ఒకే ఒక మాట అన్నాడు. “అన్నా, ఆ ఇంట్లో పదిహేనేండ్లు నువ్వు రాత్రి పండుకున్నది ఎన్ని దినాలో ఆ లెక్క కూడా తీయి” అన్నాడు.

అంతే. ఆ పొద్దు నుంచి మాట లేదు. వాడి కూతురి పెండ్లికి పత్రిక వచ్చినా నేను పోలేదు. పోకుండా ఆ దినం ఏం చేసినానో చెప్పమంటారా? ఇంకొక ఊర్లో మెత్తా భావన మీద ప్రసంగం చేసినాను. సకల ప్రాణులూ సుఖంగా ఉండాలని గంటసేపు చెప్పి, అందరి చేతా సాధు సాధు అనిపించుకొని వచ్చినాను. సకల ప్రాణుల్లో నా తమ్ముడు లేడు. ఇదీ నా ధమ్మం.

పలక మీద

మన కర్నూలు పిల్లలు ఐదుగురు బెలుం గుహలు చూడాలని, అట్లనే గండికోటకు పోదామని నన్ను కూడా పిలిచినారు. బెలుంలో పూర్వం భిక్షువులు ఉన్న ఆనవాళ్లు దొరికినాయి కదా, చూసి రావడం మంచిదే అనుకున్నాను. లోపల చల్లటి రాతి మీద కాసేపు కూర్చొని, బయటి పెద్ద బుద్ధ విగ్రహానికి నమస్కరించి బయలుదేరినాము.

గండికోటలో అందరూ ఫోటోలు తీసుకునే లోయ ఆనకట్టకు కింద ఉంది. ఎర్రమల కొండలను పెన్నేరు కోసుకుంటూ పోయిన చోటు అది. పిల్లలు నన్ను తీసుకుపోయింది అక్కడికి కాదు. ఆనకట్టకు పైన, రిజర్వాయరు వెడల్పుగా పరుచుకున్న చోటికి. పొద్దు గుంకే వేళ నీళ్ల మీద పలక ఎక్కి నిలబడి తెడ్డేసుకుంటూ పోతారంట. ప్యాడిల్ బోర్డు అంటారు దాన్ని. గాలి కొట్టి ఉబ్బించిన పొడుగాటి పలక, చేతిలో ఒకటే తెడ్డు. విశాఖపట్నం సముద్రంలో ఈ ఆట ఆడతారని విన్నాను. మన పెన్నేటి మీద చూస్తాననుకోలేదు.

దారి చూపించే పిల్లోడు పలకలు సర్దుతూ తల ఎత్తినాడు. నా తమ్ముని కొడుకు.

ఇద్దరం ఒక నిమిషం అట్లనే నిలబడినాము. వాడే ముందు వచ్చి కాళ్లకు మొక్కినాడు. “బాగుండావా పెద్దనాయనా?” అన్నాడు. బాగుండానంటిని. “ఎక్కుతావా?” అన్నాడు. నాకు ఈత రాదురా అంటే, “నేనుండా కదా” అన్నాడు.

లైఫ్ జాకెట్ తొడిగినాడు. చీలమండకు ఒక తాడు కట్టి, రెండో కొస పలకకు కట్టినాడు. “పడితే పడు, పలక మాత్రం నిన్ను ఇడిచిపెట్టి పోదు” అన్నాడు. మొదట మోకాళ్ల మీద కూర్చోవాల. నీళ్లు అలవాటైనాక ఒక్కో పాదం నడిమధ్యకు తెచ్చుకొని, భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్లు కొంచెం వంచి లేయాల. లేచినాక కాళ్లను చూసుకోకూడదు. దూరంగా ఒక గుర్తును చూడాల. పోయేటప్పుడు గాలికి ఎదురు పోవాల, అలిసిపోయినాక ఆ గాలే మనల్ని ఒడ్డుకు తెస్తాది. ఆ దినం గాలి పడమటి నుంచి వీస్తాండాది. అందుకని పొద్దు గుంకే దిక్కుకే పోయినాము.

నేను లేచినాను. లేచిన వెంటనే భయంతో బిగుసుకొని కదలకుండా నిలబడినాను. పలక పక్కకు ఒరిగింది. దబ్బుమని పడినాను. రెండోసారి లేచి, ఎట్లైనా పడకూడదని రెండు చేతులా గట్టిగా, జోరుగా తెడ్డేసినాను. పలక గిర్రున తిరిగింది. మళ్లీ పడినాను. నీళ్లు మింగి, దగ్గుకుంటూ, పలక మీద బోర్లా పడుకొని ఉంటే పిల్లోడు పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు: “కదలకపోతే పడతావు పెద్దనాయనా. కొట్లాడినా పడతావు. తెడ్డు మెల్లగా వేస్తానే ఉండు.”

నేను తల ఎత్తి వాడి మొహం చూసినాను. వాడు ఓఘతరణ సుత్తం చదవలేదు. జేతవనం యాడుందో వాడికి తెలియదు. భగవానుడు దేవతకు చెప్పింది వాడు పొట్టకూటి పనిలో నేర్చుకున్నాడు. ధమ్మం ఎవరు చూసినా కనబడేదని మనం చదువుతాము. ఆ మాటకు అర్థం ఇదే.

మూడోసారి నిలబడినాను. ఈసారి పడలేదు.

నీళ్ల కింద

పొద్దు ఎర్రబడింది. నీళ్లన్నీ కుంకుమ కలిపినట్టున్నాయి. పిల్లలు వెనక యాడో నవ్వుకుంటూ వస్తున్నారు. ముందర నీళ్లలో ఎండిపోయిన చెట్ల కొమ్మలు రెండు మూడు పైకి తేలి ఉన్నాయి. కొంగలు వాలి ఉన్నాయి. పిల్లోడు తెడ్డు ఆపి, “ఇప్పుడు మనం ఊరి మీద ఉండాం” అన్నాడు. కొంచెం ఆగి, “అవి మన చింతచెట్లు” అన్నాడు.

నేను ఏ చింతచెట్లకు లెక్క కట్టినానో ఆ చెట్లు. నేను ఏ ఇంటి గురించి కాయితాలు దాచిపెట్టుకున్నానో ఆ ఇల్లు నా కాళ్ల కింద, మూడు నాలుగు మనుషుల లోతులో ఉంది. మా అమ్మ సంగటి కెలికిన పొయ్యి, మా నాయన మంచమేసుకునే అరుగు, నేనూ తమ్ముడూ ఒకే దుప్పట్లో పండుకున్న మిద్దె, అన్నీ ఆ చల్లని నీళ్లలో. చేపలకు నా పాలెంతో, వాడి పాలెంతో తెలియదు.

అనిత్యం, అనిత్యం అని ఎన్నిసార్లు పలికినానో. పలికితే అది మాట. ఆ పొద్దు అది నా పాదాల కింద కదులుతున్న నీళ్లు. ఇల్లు పోయింది, సరే. దాని కోసం పెట్టుకున్న కోపం మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. అనిత్యమైన దాన్ని పట్టుకొని ఆ పట్టును నిత్యం చేసుకున్నాను. ఇంతకంటే వెర్రితనం ఉంటుందా?

నాలుగు వరదలు

భగవానుడు నాలుగు వరదల గురించి బోధించినాడు. కామ ఓఘం, భవ ఓఘం, దిట్ఠి ఓఘం, అవిజ్జా ఓఘం. పుస్తకంలో ఇవి కఠినంగా కనిపిస్తాయి. నా కథలో పెట్టి చూడండి, సులభంగా కనబడతాయి.

నాకు ఇంకా కొంత డబ్బు రావాల, రావాల్సిందే అన్న దాహం కామ ఓఘం. ఆ డబ్బు లేక నేను పస్తున్నది లేదు. అయినా దాహం తీరలేదు.

నేను ఇంటికి పెద్దకొడుకును, నా మాట చెల్లాల, ఊర్లో నా పేరు నిలబడాల అన్నది భవ ఓఘం. ఊరే లేనప్పుడు ఊర్లో పేరేంది? ఊరు మునిగినా ఊరి పెద్దరికం మునగలేదు నాలో.

తప్పు వాడిదే, లెక్క నాదే సరి అన్నది దిట్ఠి ఓఘం. దిట్ఠి అంటే అభిప్రాయాన్ని పట్టుకోవడం. అభిప్రాయం తప్పయితే ఏదో ఒక దినం వదిలేస్తాము. అది సరైనదైనప్పుడే ప్రమాదం ఎక్కువ. సరైన లెక్కను చేతిలో పెట్టుకొని మనిషి జీవితాంతం మునగగలడు.

ఇవన్నీ నన్ను ముంచుతున్నాయని తెలియకపోవడం, తెలియకనే ఇతరులకు ధమ్మం చెప్పడం అవిజ్జా ఓఘం. నాలుగింటిలో లోతైనది ఇదే.

ఇప్పుడు ఆగడం, పెనుగులాడడం ఏమిటో చూడండి. అన్నదమ్ముల మధ్య మాట పోయినాక, వాడే రానీ అని కూర్చోవడం ఆగడం. రోజులు పోయే కొద్దీ కోపం అడుగుకు దిగి గట్టిపడుతుంది. మనమూ దానితోబాటు దిగుతాము. ఇక పెనుగులాట. పంచాయితీ పెట్టడం, నలుగురి దగ్గర వాడి తప్పులు చెప్పడం, కాయితాలు మళ్లీ మళ్లీ తీసి చూసుకోవడం. పలక గిర్రున తిరిగినట్టు మనసు ఉన్నచోటనే తిరుగుతుంది. ఈ రెండూ కాని మూడోది మెల్లగా తెడ్డేయడం. ఒక మంచి మాట, ఒక చిన్న పని, మళ్లీ ఇంకొకటి. భగవానుడు చెప్పిన మధ్యమ మార్గం కొండ మీద యాడో లేదు. పలక నడిమధ్యలో ఉంది.

తాడు, తెడ్డు, తోడు

చీలమండకు కట్టిన తాడు గురించి ఒక మాట. పంచశీల అట్లాంటిది. శీలం ఉన్నంత మాత్రాన మనిషి పడకుండా ఉంటాడని కాదు. పడతాడు. నేను రెండుసార్లు పడలేదా? శీలం ఉంటే పడినప్పుడు పలక దూరం కొట్టుకుపోదు, చెయ్యి చాస్తే అందుతుంది. కోపంలో కూడా ఒక అబద్ధపు సంతకం పెట్టకుండా, ఒక దెబ్బ కొట్టకుండా ఉన్నామంటే అది ఆ తాడు చేసిన మేలే. మా అన్నదమ్ములిద్దరమూ ఆ హద్దు దాటలేదు. అందుకే తిరిగి ఎక్కడానికి పలక మిగిలింది.

పిల్లోడు ఇంకో మాట చెప్పినాడు. నేను వాడి పలకను పట్టుకోబోతే, “నువ్వు నీ పలక చూసుకో, నేను నా పలక చూసుకుంటా. అప్పుడే ఇద్దరం ఒడ్డెక్కుతాం” అన్నాడు. సేదక సుత్తంలో గడసాము చేసే గురుశిష్యుల కథ ఉంది కదా. గడ మీదికెక్కబోయే ముందు గురువు, నువ్వు నన్ను కాపాడు, నేను నిన్ను కాపాడతానంటాడు. అట్లా కాదు, ఎవరిని వాళ్లం కాపాడుకుంటేనే ఇద్దరమూ క్షేమంగా దిగుతామని శిష్యుడు అంటాడు. శిష్యుడిదే సరైన పద్ధతి అని భగవానుడు ఒప్పుకున్నాడు. ఆ తరువాత ఇంకొక అడుగు ముందుకు వేసి, ఎరుకతో తనను కాపాడుకునేవాడు ఇతరులను కాపాడుతాడనీ, ఓర్పుతో, హింస లేకుండా, మైత్రితో, కరుణతో ఇతరులను కాపాడేవాడు తననూ కాపాడుకుంటాడనీ బోధించినాడు. నా కోపాన్ని నేను చూసుకొని ఉంటే నా తమ్ముడు క్షేమంగా ఉండేవాడు. వాడి కూతురి పెండ్లిలో పెదనాయన కుర్చీ ఖాళీగా ఉండేది కాదు.

అన్యాయం జరిగితే నోరు మూసుకోవాలా?

పున్నమి నాడు ఒక యువకుడు ఈ ప్రశ్న అడిగినాడు. మంచి ప్రశ్న. పరిహారం అందనివాడు, పొలం పోయినవాడు ఓర్చుకొని కూర్చోవాలని ధమ్మం చెప్పదు. నిలబడిపోవడం కూడా మునగడమే అని సుత్తం చెప్తోంది కదా. అర్జీ పెట్టాల, అడగాల, సంఘంగా కూడి అడగాల. మన హక్కుల కోసం కాయితం, కలం పట్టుకొని జీవితమంతా నడిచిన బాబాసాహెబ్ అంబేడ్కర్ ఏ మార్గంలో తుదకు అడుగు పెట్టినాడో మనకు తెలుసు. అడగడం వేరు, ద్వేషించడం వేరు. తెడ్డు నీళ్లను తోస్తుంది, నీళ్ల మీద పగ పట్టదు.

రోహిణి నది నీళ్ల కోసం శాక్యులూ కోలియులూ కత్తులు ఎత్తుకున్న కథ మీరు విన్నదే. పైరు ఎండుతోంది, నీళ్లు తక్కువ, రెండు ఒడ్లవాళ్లూ చుట్టాలే. భగవానుడు మధ్యలో నిలబడి, నీళ్ల విలువెంత, మనుషుల రక్తం విలువెంత అని అడిగినాడని అట్ఠకథలు చెప్తాయి. ఈ ప్రశ్న రాయలసీమ వాళ్లకు వేరే వివరించనక్కర లేదు. గట్టు తగాదా, బోరు తగాదా, పాలు తగాదా ఎంత దూరం పోయినాయో మన ఊర్ల సమాధులకు తెలుసు.

ఎర్రగుడి బండ

మన కర్నూలు జిల్లాలోనే, పత్తికొండ నుంచి గుత్తికి పోయే దారిలో, ఎర్రగుడి దగ్గర అశోకుని శాసనాలు ఉన్నాయి. రెండువేల రెండు వందల ఏండ్లు దాటిన బండరాతలు. చూడనివాళ్లు ఈ ఏడాదైనా పోయి చూడండి. బాటల వెంట మనుషులకూ పశువులకూ బావులు తవ్వించిన సంగతి ఆ రాతల్లో ఉంది. తల్లిదండ్రుల మాట వినడం, ప్రాణులను చంపకపోవడం, బంధువుల పట్ల మర్యాదగా నడుచుకోవడం ధమ్మమని ఉంది. బంధువులకు ఆ ప్రాకృతంలో వాడిన మాట మన తెలుగులో జ్ఞాతి అన్న మాటే. జ్ఞాతులంటే ఎవరు? దాయాదులు. ఆస్తిలో పాలున్నవాళ్లు. అంత పెద్ద చక్రవర్తి, కళింగ యుద్ధం చేసి పశ్చాత్తాపపడినవాడు, ఈ ఎండ బండల మీద దాయాదులతో మర్యాదగా ఉండమని చెక్కించినాడంటే, ఈ జబ్బు ఎంత పాతదో చూడండి. ఎన్నోసార్లు ఆ బండ దగ్గరికి పిల్లలను తీసుకుపోయి ఆ వాక్యం అర్థం చెప్పినాను. ఆ వాక్యం నాకు చెప్తోందని ఒక్కసారీ అనుకోలేదు.

ఒడ్డుకు వచ్చినాక

పొద్దు పూర్తిగా గుంకినాక తిరిగినాము. గాలి వెనక నుంచి తోసింది, తెడ్డు పెద్దగా వేయాల్సిన పని లేకపోయింది. ఒడ్డుకు వచ్చినాక పిల్లోడు పలకలో గాలి తీసేసి, చాప చుట్టినట్టు చుట్టి, సంచిలో పెట్టినాడు. అంత పెద్ద పలక, నన్ను నీళ్ల మీద మోసిన పలక, చంకలో పెట్టుకునేంతైంది. భగవానుడు చెప్పిన తెప్ప ఉపమానం గుర్తుకు వచ్చింది. ఏరు దాటినాక తెప్ప మేలు చేసింది కదా అని నెత్తిన పెట్టుకొని తిరిగేవాడు తెలివైనవాడా అని ఆయన భిక్షువులను అడుగుతాడు. మంచి విషయాలను కూడా పట్టుకొని వేలాడకూడదు, ఇక చెడ్డవాటి సంగతి చెప్పేదేముందని దాని సారం. నా లెక్క సరైనదే. ఆ సరైన లెక్కను ఇన్నేండ్లు నెత్తిన పెట్టుకొని ఎండలో నడుస్తున్నాను.

పిల్లోడు టీ తెచ్చి ఇచ్చినాడు. “మీ నాయనకు ఫోన్ కలుపు” అన్నాను. వాడు నా మొహం చూసి, ఏమీ అడక్కుండా కలిపి ఇచ్చినాడు.

అవతల నుంచి “చెప్పు నాయనా” అన్నాడు, కొడుకే అనుకొని. “నేనురా” అంటిని. చాలాసేపు చప్పుడు లేదు. నేను ఏం మాట్లాడాలో ముందే అనుకోలేదు. అనుకొని ఉంటే అది కూడా ఒక ప్రసంగం అయ్యేది. చివరికి వాడే అడిగినాడు: “తిన్యావా అన్నా?”

ఇంకా తినలేదన్నాను. అంతకుమించి ఆ పొద్దు మాట్లాడుకోలేదు. బంధువులారా, మా లెక్క ఇంకా తేలలేదు. తేలిందని చెప్తే అబద్ధమవుతుంది, నాలుగో శీలం తప్పినవాణ్ణవుతాను. ఆ తరువాత రెండుసార్లు వాడింటికి పోయినాను. ఒకసారి సంగటి తిన్నాము, చెనిక్కాయల ధర గురించి మాట్లాడుకున్నాము. కాయితాల మాట వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎప్పుడో ఒక దినం ఎత్తుతాము. అప్పటికి నిలబడడం ఇంకొంచెం అలవాటై ఉంటుంది.

మీరు చేయాల్సింది

ఈ చిన్న పుస్తకం చదివి పక్కన పెట్టేయకుండా ఈ పదిహేను దినాలు ఒక పని చేయండి.

రోజూ పొద్దు గుంకే వేళ పది నిమిషాలు నిలబడండి. మిద్దె మీదైనా, చేని గట్టు మీదైనా సరే. పాదాలు ఎడంగా, మోకాళ్లు బిగించకుండా నిలబడి, చూపు దూరంగా పెట్టి, ముక్కు దగ్గర వచ్చే పోయే శ్వాసను గమనించండి. మనసు ఆగి మొద్దుబారితే గుర్తుపట్టండి. మనసు జోరుగా పరిగెత్తినా గుర్తుపట్టండి. కోప్పడకుండా మళ్లీ శ్వాస దగ్గరికి రండి. పడడం తప్పు కాదు, తిరిగి ఎక్కడం మరువకండి.

ఆ తరువాత మెత్తా భావన. పెద్దలు చెప్పిన వరుసలోనే చేయండి. మొదట మీకు మీరు, తరువాత మీకు ఇష్టమైనవాళ్లు, తరువాత ముఖపరిచయం ఉన్నవాళ్లు, చివరికి మాట లేనివాళ్లు. ఒక్కసారిగా సకల ప్రాణుల దగ్గరికి దూకవద్దు. నేను దూకినాను, అందుకే చెప్తున్నాను. సకల ప్రాణుల గుంపులో ఒక మనిషిని దాచిపెట్టడం చాలా సులభం. ఆ ఒక్క మనిషి పేరు పెట్టి, మొహం గుర్తు తెచ్చుకొని, సుఖంగా ఉండాలని కోరండి. మొదటి దినం నోరు రాదు. రాకపోయినా తెడ్డు వేస్తానే ఉండండి.

పదిహేనో దినం, పున్నమి నాడు, ఆ మనిషికి ఫోన్ చేయండి. ధమ్మం చెప్పవద్దు. తిన్నావా అని అడగండి. చాలు.

అందరూ వరదను దాటుదురు గాక.

సాధు, సాధు, సాధు.